మూలాల నడుమ లాభం

మదనపల్లె టమాటా మార్కెట్టు దారిన వెళ్ళినప్పుడల్లా నాకు పరావలయం గుర్తుకు వస్తుంది. నవ్వకండి!

తెలుగు అకాడమీ వారి ఇంటర్మీడియట్ పుస్తకంలో ‘వర్గ సమాసాలు’ అని ఒక అధ్యాయం ఉండేది. మూలాలు వాస్తవాలై, వేరువేరుగా ఉంటే, వాటి నడుమ సమాసపు గుర్తు ఎక్స్ స్క్వేర్ గుణకానికి వ్యతిరేకం; వెలుపల అదే గుర్తు. దీనిని వల్లెవేయని వారు అరుదు. బొమ్మ గీసుకొన్న వారికి వల్లెవేయవలసిన పనే లేదు. గుణకం ఋణమైతే పరావలయం బోర్లించిన చట్టి. అక్షానికి పైన నిలిచిన భాగమంతా రెండు మూలాల మధ్యనే ఉంటుంది.. అంతే.

పుంగనూరులో నేను లెక్కలు చెప్పే రోజులలో, ఒక టమాటా రైతు కొడుకు “ఇదంతా మాకెందుకు సార్?” అన్నాడు. అప్పటికప్పుడు ఒక లెక్క కల్పించాను. ఊరి నుండి ఎక్స్ లారీలు వెళితే, లారీకి పద్నాలుగులోంచి ఎక్స్ తీసివేయగా మిగిలినన్ని పదివేలు వస్తాయనుకొందాం. ఊరి మొత్తం ఖర్చు 4 లక్షలు. లాభం సున్న కంటె ఎక్కువ కావాలంటే ఎన్ని లారీలు పంపాలి? మూలాలు 4, 10. శీర్షం 7 దగ్గర; అక్కడ లాభం 90 వేలు. సరిగ్గా 4 వద్ద, 10 వద్ద లాభమూ లేదు, నష్టమూ లేదు. కనుక ఆ రెండు బిందువులనూ ఖాళీ చుక్కలుగానే ఉంచాలి.

పిల్లవాడు గ్రాఫు కాగితాన్ని చాలాసేపు చూశాడు. “అంటే ఎనిమిదో లారీ నుంచి మా నెత్తిన మేమే మన్ను పోసుకుంటా ఉండాం. అయినా తోలినోడికి మాత్రం దుడ్లు వస్తానే ఉంటాయి గదా సార్!” అన్నాడు. ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవని వ్యాఖ్య అది. పదకొండో లారీ వానికి కూడా 30 వేలు ముడుతాయి, ఊరు మాత్రం 70 వేలు నష్టపోతుంది. (అసలు మార్కెట్టు ఇంత సరళ రేఖలో నడవదు. 2023 జూలైలో కిలో ధర వంద దాటింది. రోడ్డు పక్కన పారబోసిన ఏళ్ళూ ఉన్నాయి.)

రెండు చలరాశుల అసమీకరణానికి వస్తే గీతను గురించిన పేచీ మొదలవుతుంది. సమానత్వం లేకుంటే చుక్కల గీత, ఉంటే నిండు గీత. తరువాత వక్రం మీద లేని ఏదో ఒక బిందువును, వీలైతే మూలబిందువునే, ప్రతిక్షేపించి చూసి, సరిపడిన వైపు రంగు వేయాలి. దీనిని కుప్పం పిల్లలకు చెప్పడం సులువు. ఒకవైపు తమిళనాడు, మరొకవైపు కర్ణాటక, ఇంట్లో ఒక భాష, అంగడిలో ఇంకొకటి. గీత మీది వారు ఎటువైపు వారన్న ప్రశ్న వారికి కొత్త కాదు.

ఆ టమాటా రైతు కొడుకు తరువాత మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో లెక్కలే తీసుకొన్నాడు. వాళ్ళ నాయన ఇప్పటికీ టమాటానే పెడుతున్నాడు.