యోకోహామాలో నొక రేకుల కొట్టము

గత వేసవిలో మేము మావారితోఁ గూడ యోకోహామాలోని మా తమ్ముని యింట నొక పక్షముంటిమి. రేవును గూర్చి పలువురు వ్రాసిరి. మేము వాని యింటి ప్రక్క కొట్టమును గూర్చి వ్రాసెదము.

అందు 1992వ సంవత్సరపు నిస్సాన్ స్కైలైన్ జి.టి.ఆర్. గలదు. ఆఱు సిలిండర్లు, రెండు టర్బోలు, తలుపులు మాత్రము రెండే. కాగితములలో బలము 280 గుఱ్ఱములు. జపాను కంపెనీలు తమకుఁ దామే విధించుకొనిన యీ హద్దు 2004 వఱకు నడచెను. తమ్ముఁడు స్ప్రింగులు మార్చి దానిని నేలకు దింపియుండెను.

అచ్చట రెండేండ్ల కొకసారి 'షాకెన్' అను ప్రభుత్వపరీక్ష. కారడుగునకును నేలకును నడుమ 9 సెంటీమీటర్లుండవలెను, నూనె కాఱరాదు. తప్పిన వీధి కెక్కరాదు. మఱునాఁడే పరీక్ష, కొలువఁగా ఎనిమిదిన్నర! తప్పినచో నమ్మివేయుదునని నిండుచూలాలగు మా మరదలికి మాట యిచ్చియుండెను. బిడ్డను వెనుక సీటున నెట్లు కూర్చుండఁబెట్టుదునని యామె బాధ. మా మనసును నామెవైపే.

"అక్కా, దీపము కొంచె మెడమకు!" జాకీని మాత్రమే నమ్మక స్టాండ్లు పెట్టి, కొక్కెపు పానాతో నొక్కొక్క చక్రము కడ మర త్రిప్పెను. దింపి కొలిచిన తొమ్మిదిమ్ముప్పాతిక. మేము సంతసించితిమి గాని, యది లెక్కకు రాదఁట. ముందువెనుకలకుఁ ద్రోసి, స్ప్రింగులు సర్దుకొనినపిమ్మటఁ గొలువవలెను. త్రోసితిమి. తొమ్మిదింబావు.

మఱునాఁడు మధ్యాహ్నమునకు ముందద్దమున క్రొత్త చీటితో వచ్చెను. మరదలు చూచి, మాటాడక బియ్యము కడుగఁబోయెను.