పెనుకొండ దారిలో పాత జీపు

అనంతపురమునుండి పెనుకొండకు పోవుచు, ఎండిన చెరువులను, వేరుసెనగ చేలను దాటి మేమొక మరమ్మతుల కొట్టముకడ ఆగితిమి. ఆ ప్రాంతముననే, ఎఱ్ఱమంచికడ, ఏటికి 3 లక్షల కార్లు చేయగల కియా కర్మాగారము 2019లో ప్రారంభమైనది. కొట్టములో మాత్రము ఒక రైతు పాత జీపునకు వేఱొక ఇంజను బిగించుచుండిరి.

1930 తరువాతి యేండ్లలో అమెరికాయందు కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్ల బరువు తగ్గించి, ఇంజను బలము పెంచి, ఎండిన సరస్సులపై పరుగెత్తించిరి. అట్టి బండ్లకు పిమ్మట హాట్ రాడ్లను పేరు వచ్చినది. అచట నది వినోదము. ఇచట వాన తప్పిన యేట జనులను సంతకు చేర్చి నాలుగు డబ్బులు గడించు జీవనోపాయము.

"ఏం చేసేదమ్మా! కొత్తది కొనే శక్తి లేదు. నా కమ్మలమ్మి ఇంజను ఏయించినాము. బ్రేకులకు దుడ్లు చాల్లేదు" అని ఆ రైతు ఇల్లాలు వగచెను.

బలమైన ఇంజనును పాత బ్రేకులు ఆపలేవు. చట్రమును, ఇరుసును తాళవలెను. తయారు చేసినవారు నిర్ణయించిన లక్షణములు మారునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను చెప్పుచున్నది. కమ్మలు మరల చేయించుకొనవచ్చును, ప్రాణములు రావు. కావున మన యిండ్లలో బండి మాట వచ్చినపుడు, ముందుగా అధికారుల నడిగి, బ్రేకులకు డబ్బు తీసియుంచుడని మనవారికి చెప్పుదము.