అత్తాపూర్ దారి – విమానాల మోజు

ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక మోజు ఉన్న బిడ్డ ఉంటాడు. ఒకడికి క్రికెట్, ఒకడికి సినిమా పాటలు, ఇంకొకడికి పావురాలు. “దీనివల్ల కూడు వస్తుందా?” అని పెద్దలు అడుగుతారు. బిడ్డ దగ్గర జవాబు ఉండదు. మా ఇంట్లో ఆ మోజు విమానాల మీద. అన్నదమ్ములిద్దరం, మా చెల్లెలు, ముగ్గురమూ ఒకే పిచ్చిలో పెరిగాము. ఆ మోజు మాతోపాటు ఎలా పెరిగిందో, ఇప్పుడు మేముంటున్న అత్తాపూర్ దారి దాన్ని ఎలా మార్చిందో ప్రియ చదువరులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. అప్పట్లో అది కరీంనగర్ జిల్లా. మా ఆకాశంలో విమానం ఎప్పుడో ఒకసారి, వేలెడంత, తెల్లని గీత గీసుకుంటూ పోయేది. మోత వినపడితే చాలు, తింటున్న కంచం వదిలి వాకిట్లోకి పరుగు. అది కంటికి ఆనకుండా పోయేదాకా మెడలు దించేవాళ్లం కాము. పాత నోటు పుస్తకాల కాగితాలతో విమానాలు చేసి గడ్డివాము ఎక్కి వదిలేవాళ్లం. ముక్కు దగ్గర ఒక మడత ఎక్కువ వేస్తే దూరం పోతుందని, తోక వంచితే పక్కకు తిరుగుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. వందసార్లు పడేసి నేర్చుకున్నాము.

అగ్గిపెట్టెల మీది బొమ్మలు, తపాలా బిళ్లలు మా ఆస్తి. ఊళ్లో ఉత్తరాలు వచ్చే నాలుగిళ్లకూ తిరిగి కవర్లు అడిగి తెచ్చుకునేవాళ్లం. బిళ్ల ఉన్న మేర చింపి, నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి పుస్తకంలో అంటించడం మా ఆదివారం మధ్యాహ్నపు పని. వాటిలో 1961లో వేసిన విమాన తపాలా బిళ్ల ఒకటి మాకు ప్రాణం. దాన్ని ఇచ్చిన మా బడి పంతులుగారే దాని కథ కూడా చెప్పారు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి యమునా నది దాటి నైనీ వరకు హెన్రీ పికే అనే ఫ్రెంచి యువకుడు సుమారు 6,500 ఉత్తరాలు విమానంలో తీసుకుపోయాడు. లోకంలో ప్రభుత్వం తరఫున ఉత్తరాలు మోసిన మొదటి విమానం అదేనట. దూరం 10 కిలోమీటర్లు కూడా ఉండదు. మా ఊరి నుంచి సంతకు పోయేంత దూరం! పెద్ద సంగతులు ఇంత చిన్నగా మొదలవుతాయని మాకు మొదట తెలిసింది ఆ బిళ్ల వల్లనే.

జె.ఆర్.డి. టాటా మా కథానాయకుడు. ఆయన 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి చిన్న విమానంలో తపాలా తెచ్చారు. సరిగ్గా 50 ఏళ్లకు, 78 ఏళ్ల వయసులో, అదే దారిలో మళ్లీ తానే నడుపుకుంటూ వచ్చారు. ఆ వార్త పడిన పత్రిక ముక్కను మేము చాలా ఏళ్లు దాచుకున్నాము.

రైట్ సోదరుల సంగతి మాకు తెలిసింది మరికొంత పెద్దయ్యాక. వారి తండ్రి మిల్టన్ రైట్ ఒక ప్రొటెస్టెంటు సంఘానికి బిషప్పు. 1878లో సంఘపు పని మీద ఊళ్లు తిరిగి ఇంటికి వస్తూ ఆయన పిల్లలకు ఒక ఆటబొమ్మ తెచ్చారు. బెండు, వెదురు, కాగితంతో చేసినది. రబ్బరు పట్టీ మెలిపెట్టి వదిలితే గాలిలోకి లేచేది. పెద్దవాడు విల్బర్‌కు 11 ఏళ్లు, చిన్నవాడు ఆర్విల్‌కు 7. ఆ బొమ్మ విరిగిపోతే వాళ్లే మళ్లీ మళ్లీ అటువంటివి చేసుకున్నారు. 1903 డిసెంబరు 17న వాళ్ల విమానం మొదటిసారి లేచినప్పుడు అది గాలిలో ఉన్నది 12 సెకన్లు, పోయినది 120 అడుగులు. ఒకే ప్రమాదంలో ఇద్దరినీ పోగొట్టుకోకూడదని, కలిసి ఎక్కవద్దని తండ్రి మాట తీసుకున్నారు. 1910 మే 25న ఒక్కసారికి మాత్రం ఆయన సెలవిస్తే అన్నదమ్ములిద్దరూ కలిసి ఎగిరారు. ఆ రోజే 81 ఏళ్ల తండ్రిని ఆర్విల్ పక్కన కూర్చోబెట్టుకొని పైకి తీసుకుపోయాడు. ముసలాయన భయపడలేదు సరికదా, ఇంకా పైకి పోనిమ్మన్నాడట. బిడ్డకు బొమ్మ కొనిచ్చిన తండ్రికి ఇంతకంటే ఏం కావాలి? కాని బిడ్డలు పైకి పోతుంటే కింద నిలబడే తండ్రి గుండె ఎలా ఉంటుందో అప్పటికి మాకు తెలియదు. అది తెలిపింది అత్తాపూర్.

ఉద్యోగాల వల్ల మా అన్నదమ్ములం అత్తాపూర్ చేరి 20 ఏళ్లు దాటింది. ఒకే ఇంట్లో పైనా కిందా ఉంటున్నాము. మెహిదీపట్నం నుంచి వచ్చేవారు గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు దాటి, మూసీ వంతెన దిగితే మా పేట. ఇక్కడ కుతుబ్‌షాహీల కాలపు ముష్క్ మహల్ ఉంది. 17వ శతాబ్దపు ఆ తోట భవనం చుట్టూ ఇప్పుడు ఇళ్లే. మాకు తూర్పున మీర్ ఆలం చెరువు, దాని పక్కన 1963లో తెరిచిన జంతు ప్రదర్శనశాల. ఆ చెరువు కట్ట 21 కమానులతో వంపు తిరిగి 200 ఏళ్లకు పైగా నీటిని ఆపుతూ ఉంది. ఊరి నుంచి పిల్లలు వస్తే ఇవన్నీ చూపించడం మా వంతు.

మేము వచ్చినప్పుడు హైదరాబాదు విమానాలన్నీ బేగంపేటలో దిగేవి. 2008 మార్చి 23 నుంచి రాకపోకలు శంషాబాదుకు మారాయి. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. అది మా అత్తాపూర్ నెత్తి మీదుగానే పోతుంది. ఇక్కడి వాళ్లకు దాని స్తంభాల నంబర్లే చిరునామా. మందుల దుకాణమైనా, ప్రార్థన కూటం జరిగే ఇల్లయినా “ఫలానా పిల్లర్ నంబరు ఎదురుగా” అంటేనే దొరుకుతుంది. విమానాల కోసం మెడలు చాచిన మా ఇంటి మీదుగానే విమానాశ్రయపు దారి పడింది!

అప్పటి నుంచి మా ఇల్లు ఊరి వారికి సత్రమైంది. మా జగిత్యాల వైపు నుంచి దుబాయికి, సౌదీకి, మస్కట్‌కు పోనివారు లేని వాడ అరుదు. మూసీ వంతెన మీదుగా మా ఇల్లు చేరి, ఆ రాత్రి పడుకొని, తెల్లవారుజామున శంషాబాదు పోతారు. వారితో తల్లి, తండ్రి, భార్య, చంకలో పసిబిడ్డ. వారి సంచుల్లో మామిడికాయ తొక్కు, సకినాలు, కారం పొడి. మా వరండాలో వేలాడే తూకపు కొక్కెం వారి కోసం కొన్నదే. సామాను బరువు ఎక్కువైతే ఏది తీసెయ్యాలో తల్లికీ కొడుక్కీ వాదన. చివరికి చొక్కాలు మిగిలిపోతాయి గాని తొక్కు మిగలదు. బయలుదేరే ముందు 121వ కీర్తన చదివి ప్రార్థన చేస్తాము. అన్నం పెట్టినవారికీ తిన్నవారికీ ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఒకసారి మా మేనత్త వరుస అయ్యే ఆమె కొడుకును పంపడానికి వచ్చింది. భర్త లేడు, ఒక్కడే కొడుకు. రాత్రి భోజనాలయ్యాక మా దగ్గర కూర్చుని అడిగింది: “గింత ఇనుము గాలిల ఎట్ల నిలుస్తది బిడ్డా? నడిమిట్ల ఆగిపోతే?” మా చిన్నప్పటి మోజు ఆ రాత్రి పనికొచ్చింది. ఒక కాగితపు ముక్క పెదవికి ఆనించి పైనుంచి ఊదమన్నాము. వేలాడే కాగితం పైకి లేచింది. “రెక్క మీద గాలి వేగంగా పోతే రెక్క పైకి లేస్తుంది అత్తా. విమానం ఎంత ముందుకు ఉరికితే దాన్ని గాలి అంత మోస్తుంది” అన్నాము. “తూర్పార పట్టేటప్పుడు నువ్వు గాలి ఎటు వస్తుందో చూసుకోవా? విమానం నడిపేవాళ్లు కూడా అంతే. గాలికి ఎదురుగా లేస్తారు, గాలికి ఎదురుగానే దిగుతారు. శంషాబాదులో దారి తూర్పు పడమరలుగా ఉంది. వానాకాలం పడమటి గాలి, చలికాలం తూర్పు గాలి. ఏ గాలి వీస్తే దానికి ఎదురు ముఖం పెడతారు.” విమానం ఊగినా భయం లేదని, గతుకుల బాటలో ఎడ్లబండి ఊగినట్టేనని చెప్పాము. ఆమె మళ్లీ మళ్లీ ఆ కాగితం ఊది చూసుకుంది. చివరికి ఆ ముక్కను కొంగున ముడేసుకుంది.

తెల్లవారుజామున బయలుదేరాము. అత్తాపూర్ నుంచి ఉప్పర్‌పల్లి, శివరాంపల్లి దాటితే ఆరాంఘర్ చౌరస్తా. అక్కడి నుంచి బెంగళూరు రహదారి. ఎడమా కుడీ రాతి గుట్టలు, గోదాములు. మధ్యలో గగన్‌పహాడ్ అనే ఊరు వస్తుంది. గగనం అంటే ఆకాశం, పహాడ్ అంటే కొండ. విమానాశ్రయం రాకముందు నుంచీ ఆ ఊరికి ఆ పేరే! తరువాత శంషాబాదు. అక్కడి నుంచి చెట్లు, పూలతో విశాలమైన దారి పోర్టు దాకా పోతుంది. ఈ పోర్టు సుమారు 5,500 ఎకరాలు. పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు, అంటే నాలుగు కిలోమీటర్ల పైమాటే. 2023–24లో ఇక్కడి నుంచి రాకపోకలు చేసినవారు సుమారు 2.5 కోట్ల మంది. ఆ ఎకరాలు ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెల చేలు. మన బిడ్డలు లేచిపోయే నేల మీద ఎవరి దుక్కో ఉండేదన్న సంగతి రైతు కుటుంబాల వాళ్లం మరువకూడదు.

బయలుదేరే వారికి పై అంతస్తు. టికెట్టు లేనివారిని తలుపు దాటనివ్వరు. తుపాకీ పట్టుకున్న జవాను టికెట్టు, పాస్‌పోర్టు చూసి లోపలికి పంపుతాడు. అక్కడే అసలు ఎడబాటు. మా అత్త కొడుకు తల నిమిరి, “పొయ్యిరా కొడుకా” అని ఒక్క మాటే అంది. వాడు అద్దాల వెనుక చేయి ఊపుతూ జనంలో కలిసిపోయాడు. ఆమె ఇంకా అక్కడే నిలబడింది. “ఇమానం ఏది?” అని అడిగింది. ఆ తలుపు దగ్గర నిలబడితే విమానం కనిపించదు. వాడెక్కింది చూడందే కదలనంది. తిరిగి రహదారి మీదికి తీసుకువచ్చి, కిందుగా ఎగిరే విమానాలు కనిపించే ఒక చోట ఆపాము. వేళ చూసుకొని, తోక రంగు చూసి, “అదిగో అత్తా” అని చూపించాము. కంటికి ఆనకుండా పోయేదాకా ఆమె మెడ దించలేదు.

మా వాకిట్లో మేము చూసిన చూపూ అదే, ఆమె చూసిన చూపూ అదే. కాని మేము విమానాన్ని చూశాము. ఆమె విమానంలో ఉన్న మనిషిని చూసింది. ఆనాటి నుంచి మాకు కూడా విమానం మోత వినపడితే ముందుగా దాని పేరు, రకం గుర్తుకు రావు. ఎవరి బిడ్డ పోతున్నాడో, ఎవరి బిడ్డ వస్తున్నాడో అనిపిస్తుంది.

వచ్చేవారందరూ నడిచి రారు. మరో ఏడాది మా ఊరి యువకుడొకడు పని చోట జరిగిన ప్రమాదంలో పోయాడు. అతణ్ణి కార్గో గేటు దగ్గర పెట్టెలో అందుకోవడానికి వాళ్ల నాన్నతో మేమూ వెళ్లాము. కాగితాల పని పూర్తయ్యేసరికి పొద్దెక్కింది. ఆ తండ్రి గోడకు ఆనుకొని ఆకాశం వైపు చూడకుండా నేల చూస్తూ కూర్చున్నాడు. విమానం గురించి మాకు తెలిసిన ఏ సంగతీ ఆయనతో చెప్పదగినది కాదు. పక్కన కూర్చున్నాము, నీళ్లు ఇచ్చాము. అంబులెన్సులో ఊరి దాకా తోడుపోయాము.

అందుకే బిడ్డను పంపే తల్లిదండ్రులకు ఒక మాట. పదవ తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుకు ఇ.సి.ఆర్. ఉంటుంది. అటువంటివారు గల్ఫు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు ద్వారానే పోవాలి. విజిట్ వీసా మీద పనికి పంపుతామనే వారిని నమ్మవద్దు. అనుమతితో పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ఒప్పంద పత్రం, పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంట్లో ఒక జత ఉంచుకోండి. ఆపదలో మొదట అడిగేవి అవే.

మా మోజు పోయిందా అంటే, పోలేదు. 2024 జనవరిలో బేగంపేట విమానాల ప్రదర్శనకు మా పిల్లలను తీసుకుపోయి, ఎయిర్ ఇండియా కొత్త ఏ350ని చూపించాము. వాళ్ల కళ్లలో మా గడ్డివాము కనిపించింది. తపాలా బిళ్లల పుస్తకం ఇప్పుడు వారి చేతిలో ఉంది. ఊరి నుంచి ఎవరైనా వస్తే తూకపు కొక్కెం పట్టుకునే పని కూడా వారిదే. విమానం పేరుతో పాటు, అందులో పోయే అన్న పేరు, ఆ అన్న కోసం ఎదురుచూసే అమ్మ పేరు కూడా వాళ్లకు తెలియాలని మా ఆశ.

తల్లులారా, తండ్రులారా, మీ బిడ్డకు దేని మీద మోజు ఉన్నా “కూడు పెడుతుందా?” అని వెంటనే తోసెయ్యకండి. అది మంచిదైతే పెరగనివ్వండి. దానితోపాటు మనుషులను చూడడం నేర్పండి. మోజు కూడు పెట్టకపోవచ్చు గాని, ఏదో ఒక రాత్రి నిద్రపట్టని ఒక తల్లికి ధైర్యం చెప్పడానికి పనికిరావచ్చు. మా అత్త కొడుకు రెండేళ్లకు క్షేమంగా తిరిగి వచ్చాడు. శంషాబాదు నుంచి నేరుగా మా ఇంటికే వచ్చి, కడుపునిండా తిని, తల్లికి ఫోను చేశాడు. ఆమె అడిగిన మొదటి మాట, “తొక్కు అయిపోయిందా బిడ్డా?”