శాంకవ కుప్పెలో మా ఊరి నీళ్లు

మా అమ్మ నీళ్లను పప్పుతో పరీక్ష చేసేది. కందిబ్యాడలు ఎంతసేపటికీ మెదగకపోతే బోరు నీళ్లని, తొందరగా ఉడికితే పెన్నలో చెలమ నీళ్లని తేల్చేది. జమ్మలమడుగులో పెరిగిన నాకు ఆ తీర్పు వెనకున్న సంగతి ప్రొద్దుటూరు కాలేజీ ల్యాబులోగానీ అర్థం కాలేదు.

అక్కడ చేతికిచ్చింది 250 మి.లీ. కానికల్ ఫ్లాస్కు. తెలుగు పుస్తకాల్లో శాంకవ కుప్పె. జర్మనీ రసాయనవేత్త ఎమిల్ ఎర్లెన్‌మేయర్ 1860లో ప్రచురించిన ఆకారమిది. బీకరులో నీళ్లను గిర్రున తిప్పితే అంచు దాటి చిందుతాయి. ఇందులో ఎంత తిప్పినా వాలుగోడ వాటిని మళ్లీ కిందికే తెస్తుంది. ఎడమచెయ్యి బ్యూరెట్ బిరడా మీద, కుడిచెయ్యి కుప్పె మెడ మీద. మా సారు చూపంతా మా మణికట్ల మీదే. "ఊపొద్దు నాయనా, తిప్పు" అనేవారు. ఆ ఒక్క మాటకు ఆయనకు నేనిప్పటికీ రుణపడి ఉన్నాను.

ఒకరోజు కాఠిన్యం కొలుద్దామని మూడు సీసాల బోరు నీళ్లు తెచ్చాం: ప్రొద్దుటూరువి, మా ఊరివి, స్నేహితుడు తెచ్చిన పులివెందులవి. 50 మి.లీ. నీళ్లు, కొంచెం బఫర్, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్-టి. కుప్పెలో దానిమ్మరసం ఎరుపు. పైనుంచి 0.01 మోలార్ ఇడిటిఎ చుక్కచుక్కగా పడుతుంటే అది కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుపోతుంది. ఎరుపు నేరేడు రంగుకు తిరుగుతుంది. ఇక ఊపిరి బిగబట్టాల్సిందే. ఒక్క చుక్క, అంతా నీలం! 20 మి.లీ. ఖర్చయితే లీటరుకు 400 మి.గ్రా. కాఠిన్యమని లెక్క. మూడు సీసాలకు మూడు లెక్కలొచ్చాయి. వాటిని ఆ ఊళ్లకు అంటగట్టడం తప్పు, వీధి మారితే బోరు మారుతుంది, బోరు మారితే లెక్క మారుతుంది.

కానీ మూలం మాత్రం కాళ్ల కిందే ఉంది. మన ఇళ్లలో పరిచే కడప బండ సున్నపురాయే. ఎర్రగుంట్లకు సిమెంటు ఫ్యాక్టరీలొచ్చిందీ ఆ రాతి కోసమే. పులివెందుల వైపు డోలమైటు, అందులో మెగ్నీషియం కూడా. నేలలోకి ఇంకిన వాన ఆ రాతినే కొంచెం కొంచెం కరిగించుకుని బోరులోకి వస్తుంది. ఆ కాల్షియమే గింజలోని పెక్టిన్‌ను బిగిస్తుంది. బ్యాడ మెదగదు.

సెలవులకు ఇంటికి పోతే, అమ్మ నీళ్లు ముందే కాచి, చల్లార్చి, పైతేట వంచి ఎసరు పెడుతోంది. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర. దాని మీద నిమ్మచెక్క పిండాను. సన్నగా నురగ లేచింది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి, వంగి చూసింది.