ఆ మాట అలాగే రాయండి

లేఖారచన పాఠం చెప్పేటప్పుడు అర్జీలో అసభ్యపదం రాకూడదని పంతుళ్ళందరమూ చెబుతాము. ఆ నియమం వర్తించని అర్జీ ఒకటున్నది. కులం పేరిట అవమానం పొందినవాడు పోలీసులకిచ్చే ఫిర్యాదు అది.

పదవీవిరమణ చేసినప్పటినుంచి అడిగినవారికి అర్జీలు రాసిపెడుతున్నాను. ఒకనాడు ఒక యువకుడు వచ్చాడు. పదిమంది ఎదుట అతణ్ణి కులం పేరెత్తి తిట్టారు. తెచ్చిన కాగితంలో మాత్రం "దుర్భాషలాడినారు" అని ఒక్కటే మాట. ఏమన్నారని అడిగితే, "మీ ముందు ఎలా అనను మాస్టారూ" అని తల వంచుకున్నాడు. తిట్టినవాడికి లేని సిగ్గు తిట్టు పడ్డవాడికి!

కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు దళితులు హతులయ్యారు. అటువంటి దారుణాల నేపథ్యంలోనే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం ఆ చట్టం ప్రకారం నేరం. "దుర్భాష" అంటే కోపం తెలుస్తుంది కాని కులం తెలియదు. కనుక అన్న మాటను అన్నట్టే రాయాలి. ఎవరన్నారు, ఎక్కడ, ఏ వేళ, ఎవరెవరు విన్నారు అన్నవీ రాయాలి.

రాయడం రానివారు నోటితో చెప్పవచ్చు. అధికారి దానిని రాసుకొని, చదివి వినిపించి, ఆ తరువాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. నకలు వెంటనే ఇవ్వాలి. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు చేయవచ్చు. "మా పరిధి కాదు" అని తిప్పి పంపరాదు. నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి తపాలాలో పంపవచ్చు. 2021 డిసెంబరులో మొదలైన 14566 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉన్నది. దర్యాప్తు ముగించి అభియోగపత్రం దాఖలు చేయడానికి చట్టం పెట్టిన గడువు 60 రోజులు.

ఆ యువకుడి చేతనే ఆ మాట రాయించాను. చేయి వణికింది, కాని రాశాడు. సాక్షుల పేర్లు రాయవలసిన చోట మాత్రం ఆగిపోయాడు. విన్నవారు పదిమంది, పేరు ఇస్తామన్నవాడు ఒక్కడూ లేడు.

2015 సవరణతో సాక్షులకు రక్షణ, ప్రయాణఖర్చులు ఇవ్వాలని కూడా చట్టంలో చేరింది. మిత్రులారా, అటువంటి మాట మీ చెవిన పడిన రోజున అది అన్నది అన్నట్టే రాసిపెట్టుకోండి, కింద మీ పేరు రాయండి. చదువుకున్నవాళ్ళం ఆ మాత్రం చేయలేమా?