అందరికీ ఒకే సర్వర్

జగిత్యాల దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2007లో మొదలైంది. మరుసటి ఏడాది కరీంనగర్‌కు శాతవాహన యూనివర్సిటీ, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా బాసరకు ట్రిపుల్ ఐటీ వచ్చాయి. బాసరలో పదో తరగతి పాసై వచ్చిన పల్లె పిల్లల చేతుల్లో తొలి బ్యాచ్‌లలోనే లాప్‌టాప్ పెట్టారు. చాలా మంచి పని. అయితే ఎవరి యంత్రం వారికి ఉన్నా, డిపార్ట్‌మెంటు మొత్తానికి కలిపి ఒక యూనిక్స్ సర్వర్ కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. కోడింగ్ ఎవరికి వారు నేర్చుకోవచ్చు. నలుగురితో సర్దుకుని పనిచేయడం మాత్రం నలుగురిలోనే వస్తుంది.

అలాంటి సర్వర్ ఉన్న ల్యాబ్‌లో హాల్ టికెట్ నంబరే యూజర్ నేమ్. లాగిన్ కాగానే నల్లటి తెర. ‘హూ’ అని కొడితే ఆ నిమిషాన లోపల ఎవరెవరున్నారో వరుసగా పేర్లు వస్తాయి. ప్రాసెసర్ ఒకటే, డిస్కు ఒకటే, వాడేది క్లాసంతా. ‘ఎల్‌ఎస్ మైనస్ ఎల్’ కొడితే ప్రతి ఫైలు ముందూ పది గుర్తులు కనిపిస్తాయి. మొదటిది అది ఫైలా, డైరెక్టరీయా చెబుతుంది. మిగతా తొమ్మిదీ మూడేసి చొప్పున సొంతదారుకు, గ్రూపుకు, ఇతరులకు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. 700 పెడితే అది నీ ఒక్కడిదే. 755 పెడితే అందరూ చూడొచ్చు, నడపొచ్చు, మార్చేది మాత్రం నువ్వే. ఏది దాచుకోవాలో, ఏది పంచుకోవాలో పద్దెనిమిదేళ్ల వయసులో స్వయంగా తేల్చుకోవడం చిన్న చదువు కాదు.

ఇంకో ఏర్పాటు నాకు మరీ ఇష్టం. ప్రతి ప్రాసెస్‌కూ మైనస్ 20 నుంచి 19 దాకా ‘నైస్’ అనే అంకె ఒకటి ఉంటుంది. మామూలుగా అది సున్నా. అంకె పెరిగేకొద్దీ ఆ ప్రాసెస్ వెనక్కి తగ్గి, తక్కినవాళ్లకు దారిస్తుంది. మామూలు యూజర్ తనంతట తాను తగ్గొచ్చు. ముందుకు తోసుకురావాలంటే రూట్, అంటే సర్వర్ అడ్మిన్, అనుమతి కావాల్సిందే.

ఫోర్క్ ప్రోగ్రాం నేర్పే రోజున ఈ చదువు ఇంకా బాగా ఒంటబడుతుంది. ప్రాసెస్ తన నకలును తానే పుట్టిస్తుంది. వరుసగా మూడు ఫోర్క్‌లు రాస్తే 8 ప్రాసెస్‌లు, పది రాస్తే 1,024, ఇరవై రాస్తే పది లక్షల పైచిలుకు. లూప్‌కు అడ్డుకట్ట లేని ఒక్క ప్రోగ్రాం చాలు, అందరి తెరలూ బిగుసుకుపోతాయి. సొంత లాప్‌టాప్ అయితే పవర్ బటన్ నొక్కి ఊరుకుంటాం. ఇక్కడ పక్క బెంచీ అమ్మాయి సేవ్ చేయని ప్రోగ్రాం పోతుంది. అందుకే చెరువు కింద నీరటికాడు వంతులవారీగా పొలాలకు నీళ్లు వదిలినట్టు, సర్వర్ చూసే అడ్మిన్ మనిషికిన్ని ప్రాసెస్‌లని, ఇంత డిస్కని కోటా కడతాడు.

యూనిక్స్ పుట్టిందే ఈ కలివిడి కోసం. 1969లో బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. పదిమంది ఒకే కంప్యూటర్ మీద పనిచేసే అలవాటున్న అక్కడి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలకు ఆ వసతి దూరమైంది. ఒక పాత పీడీపీ-7 యంత్రం మీద యూనిక్స్ మొదలుపెట్టారు. ప్రోగ్రాములు రాసుకునే వసతి ఒక్కటే కాదు, చుట్టూ ఒక స్నేహబృందం అల్లుకునే వ్యవస్థ కావాలనుకున్నామని రిచీ తర్వాత రాశారు. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాక ఆ వసతి పైసా ఖర్చు లేకుండా అందరికీ అందింది.

కాబట్టి మన కాలేజీల హెచ్‌వోడీలకు నా మనవి ఒకటే. ల్యాబ్‌లోంచి తీసేసిన డెస్క్‌టాప్ ఒకటి చాలు. లినక్స్ ఎక్కించి ప్రతి విద్యార్థికీ అకౌంట్ ఇవ్వండి. కోటాలు కట్టండి. బ్యాకప్ తీయడం, పాస్‌వర్డ్ మరిచినవారికి మార్చి ఇవ్వడం, లాగ్‌లు చూడడం మూడో ఏడాది పిల్లలకు అప్పగించండి. రేపు హైదరాబాద్‌లో వాళ్లు పనిచేయబోయే క్లౌడ్ సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్‌వే. ఒకరి తప్పు అందరి మీదా పడుతుందన్న ఎరుక ఇక్కడే కలిగితే, అక్కడ లక్షలమంది వాడే యంత్రాన్ని వాళ్ల చేతుల్లో ధైర్యంగా పెట్టొచ్చు.