ఫొటో లేని ప్రొఫైల్

మగపిల్లాడు మరో మగపిల్లాడిని ఇష్టపడితే ఏమంటారు? నాచారంలో మేం ఇంటర్ చదివే రోజుల్లో ఆ ప్రశ్నకు దొరికే జవాబులన్నీ తిట్లే. సినిమాల్లో అయితే వెకిలి కామెడీ.

నా క్లాస్‌మేట్ ఒకడు ఆ తిట్లకు అందరితోపాటు నవ్వేవాడు. 2004లో మొదలైన ఆర్కుట్ అప్పటికే మా నెట్ సెంటర్లకూ చేరింది. చెక్క అరల మధ్య కూర్చుని, మారుపేరుతో, ఫొటో లేని ప్రొఫైల్ ఒకటి పెట్టుకున్నాడు. తనలాంటివాళ్లు బెంగళూరులో, విజయవాడలో, ఆఖరికి ఉప్పల్‌లోనూ ఉన్నారని అక్కడే తెలిసింది. “అప్పటిదాకా ప్రపంచంలో నేనొక్కణ్నే ఇట్లున్నా అనుకున్న రా” అన్నాడు, చాలా ఏళ్ల తర్వాత నాతో.

‘ఫోన్లే పిల్లల్ని ఇలా తయారుచేస్తున్నాయి’ అనే తల్లిదండ్రులు ఇప్పటికీ చాలామందే. ఫోన్ ఇష్టాన్ని పుట్టించదు. ఉన్నదానికి ఓ పేరు చెబుతుంది, అంతే. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ‘మార్చేస్తాం’ అంటూ చేసే చికిత్సలు వైద్యవృత్తికే తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది.

అలాగని నెట్‌లో అందరూ మంచివాళ్లే ఉండరు. 2016లో, డేటింగ్ యాప్‌లో పరిచయమైన ఒకడు మావాణ్ని ఉప్పల్ రింగ్‌రోడ్డుకు రమ్మన్నాడు. ఫొటోలు తీశాడు. డబ్బివ్వకపోతే ఇంటికి పంపిస్తానన్నాడు. మూడు నెలల జీతం అలా పోయింది. పోలీసుల దగ్గరికి వెళ్దామంటే సెక్షన్ 377... ఫిర్యాదు చేసినవాడే నేరస్తుడవుతాడేమోనని భయపడే రోజులు.

తిండీ నిద్రా మానేసిన కొడుకును ఓ రాత్రి వాళ్లమ్మ పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. అంతా చెప్పేశాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “పైసలు పోతే పోనీ బిడ్డా, నువ్వేమన్నా చేసుకుంటే నేనెట్ల బతకాలె?” అంది. మర్నాడు బెదిరింపు ఫోన్ వస్తే తనే ఎత్తింది. “వాడు నాకు అన్నీ చెప్పిండు. ఇంక నువ్వేం చెప్తవ్?” మళ్లీ ఆ ఫోన్ రాలేదు. అన్నాళ్లూ వాడు అమ్ముకున్నది ఈ ఇంట్లోని భయాన్నే!

ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. యాప్‌లోనే పరిచయమైన సుప్రియో చక్రబర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో మన హైదరాబాద్ శివార్లలో ఇంటివాళ్ల మధ్యే వేడుక చేసుకున్నారు. అలాంటి పెళ్లిళ్లకు చట్టబద్ధత ఇవ్వడానికి మాత్రం సుప్రీంకోర్టు 2023లో నిరాకరించింది. కోర్టులు చెయ్యగలిగేది కొంత. మిగతాది ఇంట్లోనే జరగాలి.

ఇలా ఎవరైనా బెదిరిస్తే సైబర్ నేరాల నంబర్ 1930కి ఫోన్ చెయ్యొచ్చు. కానీ ఆ నంబర్‌కన్నా ముందు పిల్లలకు అమ్మానాన్నలు గుర్తురావాలి. ఫోన్ లాక్కుంటే అది జరగదు.

మావాడి తల్లికి అన్నీ అర్థమయ్యాయని చెప్పలేను. ఈమధ్య ఓ బంధువు సంబంధం తెచ్చాడు. “వాని పెళ్లి ముచ్చట వాన్నే అడుగు అన్నా” అని ఆమె చాయ్ పెట్టడానికి లేచింది.